వార్టన్ నుంచి హర్‌స్టన్ దాకా: తొలి ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ రచయిత్రుల పుస్తకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

"తొలి ఇరవయ్యో శతాబ్దం" అంటే ఇక్కడ ఏ ఏళ్ళు?

సుమారు 1899 నుంచి 1937 దాకా. మొదటిది కేట్ షోపాన్ నవల 'ది అవేకెనింగ్' వెలువడిన ఏడు. రెండోది జోరా నీల్ హర్‌స్టన్ 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' వెలువడిన ఏడు. 1892 నాటి 'ది యెల్లో వాల్‌పేపర్' ఈ హద్దుకు అవతలిదే అయినా వదల్లేదు. దాన్ని రాసిన షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ 1909 నుంచి 1916 దాకా 'ది ఫోర్‌రన్నర్' అనే మాసపత్రికను దాదాపు ఒంటిచేత్తో రాసి నడిపింది. ఆమెను పందొమ్మిదో శతాబ్దానికి వదిలేస్తే ఆ పనంతా పోతుంది.

ఒక్క పుస్తకంతో మొదలుపెట్టాలంటే ఏది?

చాలామంది ఈడిత్ వార్టన్ 'ఈథన్ ఫ్రోమ్' (1911) చేతిలో పెడతారు, చిన్నది కదా అని. చిన్నదే కానీ అది వార్టన్ మామూలు బాణీ కాదు. మంచులో కూరుకుపోయిన ఒక పేద రైతు కథ అది. ఆమె పట్టున్న చోటు న్యూయార్క్ ధనికుల డ్రాయింగ్ రూములు. దాని రుచి తెలియాలంటే ముందు 'రోమన్ ఫీవర్' (1934) అనే కథ చదవండి. ఇద్దరు నడివయసు వితంతువులు రోమ్ శిథిలాలకు ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు, ఒకరి చేతిలో అల్లిక ఉంటుంది. జరిగేదంతా అంతే. ఆఖరి వాక్యం చదివాక మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళకుండా ఉండలేరు.

నాటకం ఇష్టమైతే సూజన్ గ్లాస్పెల్ 'ట్రైఫుల్స్' (1916), ఒకే అంకం. ఒక్క సాయంత్రంలో ముగిసే నవల కావాలంటే నెల్లా లార్సెన్ 'పాసింగ్' (1929) లేదా విల్లా కేథర్ 'ఎ లాస్ట్ లేడీ' (1923). కేథర్‌ని 'డెత్ కమ్స్ ఫర్ ది ఆర్చ్‌బిషప్' (1927)తో మొదలుపెట్టొద్దు. గొప్ప పుస్తకమే, కానీ ఆమె గొంతుకు చెవి అలవాటు పడకముందు చదివితే అందులో ఏమీ జరగనట్టు ఉంటుంది.

వార్టన్ నవలలు సగంలో ఆగిపోతున్నాయి. లోపం ఎక్కడ?

ఎక్కువసార్లు డబ్బు లెక్క పట్టుకోకపోవడమే. 'ది హౌస్ ఆఫ్ మర్త్' (1905) నాయిక లిలీ బార్ట్‌కు కథ మొదలయ్యేసరికి ఇరవై తొమ్మిదేళ్ళు. సొంత ఆస్తి లేదు, మేనత్త ఇంట్లో ఉంటోంది. ధనవంతుల ఇళ్ళకు అతిథిగా వెళ్ళాలంటే వాళ్ళతో డబ్బు పెట్టి బ్రిడ్జ్ అనే పేకాట ఆడాలి, ఆడితే ఓడిపోవాలి. ఆ అప్పులు తీర్చుకోవడానికి ఆమె తన కొద్దిపాటి సొమ్ము ఒక స్నేహితురాలి భర్త గస్ ట్రెనర్ చేతిలో పెట్టి షేర్లలో పెంచమంటుంది. అతను ఇచ్చినది లాభం కాదనీ, అతని సొంత డబ్బేననీ తర్వాత తెలుస్తుంది. మొత్తం తొమ్మిది వేల డాలర్లు. మేనత్త వీలునామాలో లిలీకి రాసినది పది వేల డాలర్లు. ఈ రెండు అంకెలూ పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకోండి. చివరి అధ్యాయాల్లో ఉత్కంఠ అంతా ఆ రెంటి మధ్యే ఉంది, వార్టన్ ఎక్కడా గొంతు పెంచి చెప్పదు.

'ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్' (1920) దగ్గర చిక్కు వేరు. అది 1870ల న్యూయార్క్ గురించి యాభై ఏళ్ళ తర్వాత రాసిన నవల. ఎవరు ఎవరింటికి విందుకు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదే అక్కడ తీర్పు. విందు సన్నివేశాలు వర్ణనలనుకుని పేజీలు తిప్పేస్తే కథే జారిపోతుంది.

'మై ఆంటోనియా'లో ఆంటోనియా ఒక భాగంలో అసలు కనిపించదేం?

ఆ నవల (1918) ఐదు భాగాలు. మూడో భాగం లీనా లింగార్డ్ అనే మరో అమ్మాయిది, అక్కడ ఆంటోనియా గురించి కబుర్లే వినిపిస్తాయి. కథ చెప్పేది జిమ్ బర్డెన్. అతనికి ఆమె ఎప్పుడు గుర్తొచ్చిందో అప్పుడే మనకూ కనిపిస్తుంది. కథకు ఒక ముడి, ఆ ముడి విప్పడం అనే పద్ధతి కేథర్‌కు నచ్చదు. నవలలోంచి సామాను బయటికి మోసేసి గది ఖాళీగా ఉంచాలని 1922లో ఒక వ్యాసమే రాసింది. అధ్యాయాన్ని అధ్యాయంగా, విడికథలా చదివితే ఆమె పుస్తకాలు దగ్గరవుతాయి.

హర్‌స్టన్ ఇంగ్లీషు అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

గమనించండి: కథకురాలి వాక్యాలు మామూలు ఇంగ్లీషులోనే ఉంటాయి. పాత్రల మాటలు మాత్రమే దక్షిణాది నల్లవారి యాసలో, పలికినట్టే అక్షరాలు పెట్టి ఉంటాయి. నాలుగైదు మార్పులు తెలిస్తే దారి దొరుకుతుంది. 'ఆహ్' అంటే 'ఐ', 'మాహ్' అంటే 'మై'. 'దట్', 'దిస్', 'ద' అన్నచోట 'డ' శబ్దం వస్తుంది, 'విత్' కాస్తా 'విడ్' అవుతుంది. మొదటి రెండు అధ్యాయాలూ పైకి చదవండి. కంటికి అడ్డం పడ్డ మాట చెవికి తేలిగ్గా అందుతుంది. నటి రూబీ డీ చదివిన ఆడియో పుస్తకం ఉంది. పుస్తకం చేతిలో పెట్టుకుని ఒక గంట వింటే ఆ తర్వాత ఆడియో అవసరమే ఉండదు.

యాస రాసినందుకు హర్‌స్టన్ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అమెరికాకు చివరి విడతల్లో బానిసగా చేరిన కుడ్జో లూయిస్ జీవితాన్ని ఆమె అతని మాటల్లోనే 'బరాకూన్'గా రాస్తే, ఆ యాస తీసేయమని ప్రచురణకర్తలు అన్నారు. ఆమె తీయలేదు. పుస్తకం 2018లో గానీ రాలేదు, అప్పటికి ఆమె పోయి యాభై ఎనిమిదేళ్ళు.

ఏ ముద్రణ కొనాలి? అన్నీ ఒకటే కదా?

కావు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఈ రచయిత్రుల పుస్తకాలు చాలావాటికి ఒకటికి మించి పాఠాలున్నాయి, అంటే ఒకే పుస్తకం వేర్వేరు మాటలతో అచ్చయింది. తరగతిలో ఇద్దరు ఒకే నవల గురించి వాదించుకుని, చివరికి ఇద్దరి దగ్గరా వేర్వేరు పాఠాలున్నాయని తేలడం వింతేమీ కాదు.

'పాసింగ్' చివరి పేజీ చూడండి. కొన్ని ప్రతుల్లో కథానాయిక ఐరీన్ స్పృహ తప్పి చీకట్లోకి జారిపోవడంతో నవల ముగుస్తుంది. మరికొన్నింట్లో దాని తర్వాత ఇంకో చిన్న పేరా ఉంటుంది. అక్కడ ఒక అపరిచితుడు ఇది ప్రమాదవశాత్తూ జరిగిన చావే అయి ఉంటుందని అంటాడు. మొదటి ముద్రణలో ఆ పేరా ఉంది, 1929లోనే వచ్చిన మూడో ముద్రణలో లేదు. తీసినది లార్సెనా, ప్రచురణకర్తా అన్నది తేలని సంగతి. అందుకే ఇప్పటి సంపాదకులు కొందరు ఉంచుతారు, కొందరు తీసేస్తారు. ఐరీన్ స్నేహితురాలు క్లేర్ ఎలా చనిపోయింది అన్నదే నవల గుట్టు కాబట్టి ఈ ఒక్క పేరా తేడా చిన్నదేం కాదు.

'మై ఆంటోనియా' ముందుమాటను కేథర్ 1926లో బాగా కుదించింది. 1918 నాటి పొడుగు ముందుమాటలో జిమ్ బర్డెన్ పెళ్ళి గురించి, కథ ఎలా రాశాడన్న దాని గురించి ఎక్కువ ఉంది. డబ్ల్యూ.టి. బెండా గీసిన ఎనిమిది బొమ్మలు ఆమె దగ్గరుండి వేయించుకున్నవి, అవి లేని ప్రతి తీసుకోవద్దు. 'ది సాంగ్ ఆఫ్ ది లార్క్' (1915)ను 1937లో ఆమే కోసింది. పాతదే పచ్చిగా, బలంగా ఉంటుంది. తొలి పాఠకులు చదివినది కావాలంటే కాపీరైట్ పేజీలో 1915 పాఠం అని ఉందో లేదో చూసుకోవాలి.

హర్‌స్టన్ ఆత్మకథ 'డస్ట్ ట్రాక్స్ ఆన్ ఎ రోడ్' 1942లో వచ్చినప్పుడు ప్రచురణకర్తలు కొన్ని భాగాలు తీయించారు. 1995లో లైబ్రరీ ఆఫ్ అమెరికా సంపుటం వాటిని మళ్ళీ చేర్చింది. వార్టన్ చివరి నవల 'ది బకనీర్స్' దగ్గర మరీ జాగ్రత్త. ఆమె 1937లో పోయేనాటికి అది అసంపూర్ణం, అలాగే 1938లో వేశారు. 1993లో మేరియన్ మెయిన్‌వేరింగ్ అనే ఆమె ముగింపు రాసి ఇంకో పుస్తకంగా తెచ్చింది. ఆ ముగింపు చదివి "వార్టన్ ఇలా అంది" అని పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

ఆన్‌లైన్‌లో వంద, నూట యాభైకి దొరికే చవక ప్రతులు తీసుకోవచ్చా?

తీసుకునే ముందు మూడు చూడండి. కాపీరైట్ పేజీలో ప్రచురణ సంస్థ పేరు, ఊరు ఉండాలి. లేకపోతే అది ఆర్డరు వచ్చాక అచ్చు వేసిన ప్రతి అయి ఉంటుంది, పాఠాన్ని ఏదో వెబ్‌సైటు నుంచి దించి పేజీల్లో పోసి ఉంటారు. రెండోది, శాంపిల్ పేజీల్లో వాలు అక్షరాలు ఉన్నాయా? ఇవి పోతే ఉత్తరాలు, పాటలు, ఒత్తి పలికిన మాటలు అన్నీ కథలో కలిసిపోతాయి. 'ది యెల్లో వాల్‌పేపర్' విషయంలో పేరాల మధ్య ఖాళీలు కూడా ముఖ్యం. చెప్పే ఆమె దొంగచాటుగా రాస్తూ, ఎవరో వస్తే ఆపేస్తూ రాసిన కథ అది. మూడోది, పేజీ నంబర్లు. నంబర్లు లేని ప్రతితో సెమినార్‌లో కూర్చోవడం నరకం.

స్కాన్ చేసిన అక్షరాలను యంత్రం తప్పుగా చదివిన ప్రతుల్లో హర్‌స్టన్ యాస అయితే పూర్తిగా చెడిపోతుంది. ఏది యాసో ఏది తప్పో తెలియదు. హర్‌స్టన్ విషయంలో మాత్రం చవకకు పోవద్దు.

ఉచితంగా, చట్టబద్ధంగా ఎక్కడ చదవొచ్చు?

వార్టన్, కేథర్ తొలి నవలలు, గిల్మన్, గ్లాస్పెల్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో దొరుకుతాయి. ఫోన్‌లో చదివేవాళ్ళకు స్టాండర్డ్ ఈబుక్స్ ప్రతులు శుభ్రంగా ఉంటాయి. అచ్చుతప్పులు దిద్ది, పేరాలు సరిచేసి పెడతారు. లిబ్రివాక్స్‌లో ఔత్సాహికులు చదివిన ఆడియోలున్నాయి. ఒక్కో అధ్యాయం ఒక్కో గొంతు కావచ్చు, ఐదు నిమిషాలు విని చూసి దించుకోండి.

మొదటి ముద్రణ రూపమే చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్, హాథిట్రస్ట్‌లలో స్కాన్ ప్రతులు వెతకాలి. పేరుతో పాటు ఏడాది కూడా వేసి వెతకండి. దొరికాక టైటిల్ పేజీ, దాని వెనక పేజీ రెండూ చూడండి. పై వివరాల్లో 1918 అని ఉండి లోపల 1926 ముద్రణ ఉండటం తరచూ జరిగేదే. కేథర్ కోసమైతే నెబ్రాస్కా విశ్వవిద్యాలయం నడిపే విల్లా కేథర్ ఆర్కైవ్ ఒక్కటే చాలు. నవలల పాఠాలు, వివరణలు, ఉత్తరాలు అన్నీ అక్కడ ఉచితమే.

వీటిని తెలుగులోకి అనువదించి వేసుకోవచ్చా? ఎవరి అనుమతి కావాలి?

రెండు దేశాల లెక్కలు వేర్వేరు, చాలామంది తడబడేది ఇక్కడే. భారతదేశంలో రచయిత చనిపోయిన ఏడాదికి 60 కలపాలి. ఆ ఏడాది ముగిశాక జనవరి 1 నుంచి హక్కులు ఉండవు. అమెరికాలో, ఈ కాలపు అచ్చు పుస్తకాలకు, ప్రచురించిన ఏడాదికి 95 కలపాలి. గడువులోగా రెన్యువల్ చేయించని పాత పుస్తకాలు కొన్ని ఇంకా ముందే విడుదలయ్యాయి, వాటి సంగతి విడివిడిగా చూసుకోవాలి.

వేసి చూద్దాం. వార్టన్ 1937లో పోయింది కనుక మన దగ్గర ఎప్పుడో స్వేచ్ఛ. కేథర్ 1947, అంటే 2008 నుంచి. గ్లాస్పెల్ 1948, అంటే 2009 నుంచి. హర్‌స్టన్ 1960, అంటే 2021 నుంచి. కానీ అమెరికాలో 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' 2032 చివరి దాకా హక్కుల కింద ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ నవల అనువాదం వేసి విజయవాడ పుస్తక మహోత్సవంలో అమ్ముకోవచ్చు. అదే పుస్తకం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ళకు అమ్మాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. ఇ-బుక్ పెట్టేటప్పుడు ఏ దేశాల్లో అమ్మాలో ఎంచుకునే చోట అమెరికాను తీసేయడం మర్చిపోవద్దు.

'పాసింగ్' లెక్క ముచ్చటగా ఉంటుంది. లార్సెన్ పోయింది 1964లో, నవల వచ్చింది 1929లో. రెండు దేశాల్లోనూ ఒకే రోజు, 2025 జనవరి 1న, విడుదలైంది. తెలుగులో చేయదలచిన వాళ్ళకు దీనికంటే చిక్కులేని పుస్తకం ఉండదు.

ముట్టుకోకూడనివి: కొత్త ముద్రణల్లోని ముందుమాటలు, పాదసూచికలు, 'ది బకనీర్స్' 1993 ముగింపు, చనిపోయాక తొలిసారి అచ్చయిన 'బరాకూన్', కేథర్ ఉత్తరాలు. వీటి లెక్క వేరు.

అనువాదంలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏది?

'ట్రైఫుల్స్'లో ఒక్క మాట. ఒక రైతు పక్క మీదే తాడుతో గొంతు బిగించి చంపబడ్డాడు. భార్యను జైల్లో పెట్టారు. మగవాళ్ళు మేడ మీద సాక్ష్యం వెతుకుతుంటే, వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె సగం కుట్టిన బొంత చూస్తారు. పై గుడ్డ, లోపలి దూది, కింది గుడ్డ కలపడానికి రెండు పద్ధతులు. అంతటా వరస కుట్టు వేయడం ఒకటి, అక్కడక్కడా దారం గుచ్చి ముడి వేయడం ఇంకొకటి. ఆమె ఏది చేయబోయింది? "ముడి వేయబోయింది" అన్నదే నాటకంలో ఆఖరి మాట. మగవాళ్ళు నవ్వుతారు, ఆడవాళ్ళకు తాడు గుర్తొస్తుంది.

తెలుగులో ముడి అనగానే మూడు ముళ్ళు కూడా వినిపిస్తాయి. మూలంలో లేని పెళ్ళి అర్థం వచ్చి చేరుతుంది, అదీ సరిగ్గా కథకు అతికేలా. దాన్ని రానివ్వాలా వద్దా? మా మాట: రానివ్వండి, కానీ "మూడు" అన్న మాట మీరు చేర్చొద్దు. బొంతను మాత్రం దుప్పటి చేయకండి. దుప్పటికి అతుకులుండవు, అతుకులు లేకపోతే నాటకం లేదు. గ్లాస్పెల్ విలేకరిగా ఉన్నప్పుడు 1900లో అయోవాలో జరిగిన జాన్ హోసాక్ హత్య కేసును రిపోర్ట్ చేసింది. నాటకానికి మూలం అదే, అక్కడ ఆయుధం గొడ్డలి. తాడు ఆమె కల్పన, ఈ ముడి కోసమే అనిపిస్తుంది.

హర్‌స్టన్ యాసను ఏదో ఒక జిల్లా తెలుగులోకి మొత్తంగా దించేస్తే ఫ్లోరిడాలోని ఈటన్‌విల్ కాస్తా నల్లగొండ అయిపోతుంది. క్రియాపదాల్లో, పిలుపుల్లో వ్యావహారికం చాలు.

తెలుగులో ఇప్పటికే ఏదైనా ఉందా?

ఉంది, అదీ మంచి చోట. ఆగ్నెస్ స్మెడ్లీ నవల 'డాటర్ ఆఫ్ ఎర్త్' (1929)ను ఓల్గా 'భూమి పుత్రిక'గా అనువదించారు. మిసోరీలో పుట్టి, కొలరాడో బొగ్గు గనుల పేటల్లో పేదరికంలో పెరిగిన స్మెడ్లీ తన జీవితాన్నే మేరీ రోజర్స్ అనే పాత్ర పేరున రాసింది. న్యూయార్క్‌లో ఆమె లాలా లజపతిరాయ్ దగ్గర చదువుకుంది. భారత విప్లవకారులకు సాయపడిందని 1918లో జైలుకు వెళ్ళింది. తర్వాత బెర్లిన్‌లో ఆమె కలిసి బతికిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాద్‌లో పుట్టినవాడు, సరోజినీ నాయుడు తమ్ముడు. నవల చివరి భాగాల్లోని భారతీయ విప్లవకారులను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే చాలా విషయాలు విడిపోతాయి. నవలను ఆత్మకథగా మాత్రం చదవొద్దు. పేర్లు, వరస, సంఘటనలు ఆమె కలిపి మార్చింది. ఏది నిజమో తెలియాలంటే 1988లో జానిస్, స్టీఫెన్ మెకిన్నన్‌లు రాసిన జీవిత చరిత్ర, 2005లో రూత్ ప్రైస్ రాసినది పక్కపక్కన పెట్టుకోండి.

స్మెడ్లీ మూల నవల హక్కులు ముగిసినా తెలుగు అనువాదం హక్కులు వేరే, అవి అనువాదకురాలివి.

జీవిత చరిత్రల్లో ఎవరిని నమ్మాలి?

వార్టన్ సొంత ఆత్మకథ 'ఎ బ్యాక్‌వర్డ్ గ్లాన్స్' (1934) హాయిగా సాగుతుంది, కానీ తలుపులు మూసుకుని రాసినది. విలేకరి మార్టన్ ఫుల్లర్టన్‌తో ప్రేమ సంగతి అందులో ఉండదు. ఆర్.డబ్ల్యూ.బి. లూయిస్ 1975 పుస్తకంతో అది బయటికొచ్చింది. 2007 నాటి హెర్మియోనీ లీ పుస్తకం ఎనిమిది వందల పేజీలకు పైనే. మొదటి నుంచి చివరిదాకా చదవనక్కర్లేదు, నవల ముగించినప్పుడల్లా సూచికలో దాని పేరు వెతికి ఆ అధ్యాయం చదవండి.

కేథర్ దగ్గర ఒక మెలిక. తన ఉత్తరాలు అచ్చు వేయొద్దని వీలునామాలో రాసింది. అందుకే 2013కు ముందు వచ్చిన జీవిత చరిత్రల్లో, 1987 నాటి జేమ్స్ వుడ్రెస్ పుస్తకంతో సహా, ఆమె ఉత్తరాలు ఆమె మాటల్లో ఉండవు. రచయితలు సారాంశం చెప్పి ఊరుకోవాల్సి వచ్చింది. 2013లో ఎంపిక చేసిన ఉత్తరాల సంపుటం వచ్చాక పరిస్థితి మారింది. పాత పుస్తకంలోని సారాంశం మీద వాదన కట్టే ముందు అసలు ఉత్తరం చూసి తీరాలి.

లార్సెన్ తాను డెన్మార్క్‌లో ఉన్నానని చెప్పుకుంటే, ముందటి జీవితకారులు అది కట్టుకథ అనుకున్నారు. జార్జ్ హచిన్సన్ (2006) రికార్డులు తవ్వి ఆమె చెప్పినది నిజమేనని చూపించాడు. లార్సెన్‌కు ఆ ఒక్క పుస్తకమే చదవండి. హర్‌స్టన్‌కు రాబర్ట్ హెమెన్‌వే (1977) దారి వేశాడు, వాలరీ బాయ్డ్ (2003) తేదీలు సరిచేసింది.

పుట్టిన ఏడాది ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉందేం?

వాళ్ళే తగ్గించి చెప్పుకున్నారు కాబట్టి. కేథర్ 1873లో పుట్టింది, సమాధి రాయి మీద 1876 అని ఉంది. హర్‌స్టన్ 1891లో అలబామాలోని నోటసుల్గాలో పుట్టి, ఈటన్‌విల్‌లో 1901లో పుట్టానని చెప్పుకుంది. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ ఆమె సమాధికి పెట్టించిన రాయి మీద కూడా 1901 అనే చెక్కారు. లార్సెన్ రెండేళ్ళు తగ్గించి 1893 అంది. ఇంత నమ్మకంగా రాతి మీద చెక్కినది తప్పయితే ఇంకేం నమ్మాలి అంటే, జనాభా లెక్కల కాగితం.

ఇంత గొప్పవైతే మధ్యలో ఎందుకు కనిపించకుండా పోయాయి?

పుస్తకం బాగోలేక కాదు, అచ్చులో లేక. హర్‌స్టన్ ఫోర్ట్ పియర్స్‌లో పేదల ఆశ్రమంలో చనిపోయింది, చందాలు వేసి పాతిపెట్టారు, గుర్తు రాయి లేదు. ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్ళి రాసిన వ్యాసం 1975లో 'మిస్' పత్రికలో వచ్చింది, 1978లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'ను మళ్ళీ అచ్చు వేసింది. గిల్మన్ 'హర్‌ల్యాండ్' 1915లో పత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమయ్యేసరికి 1979. లార్సెన్ రాయడం మానేసి నర్సు ఉద్యోగానికి తిరిగి వెళ్ళిపోయింది.

1970లో మొదలైన ఫెమినిస్ట్ ప్రెస్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ 1973లో 'ది యెల్లో వాల్‌పేపర్'నూ, స్మెడ్లీ నవలనూ తిరిగి వేసింది. అదే సంస్థ 1991, 1993లలో సూసీ తారు, కె. లలిత హైదరాబాద్ నుంచి సంపాదకత్వం వహించిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండు సంపుటాలూ అమెరికాలో ప్రచురించింది. ముద్దుపళని, భండారు అచ్చమాంబ ఇంగ్లీషు పాఠకుల చేతికి చేరింది ఆ సంపుటాల్లోనే.

ఈ పుస్తకాల్లో జాతి వివక్ష ఉందని విన్నాం. నిజమేనా?

నిజమే, దాచక్కర్లేదు. 'ది హౌస్ ఆఫ్ మర్త్'లో యూదు ధనికుడు రోజ్‌డేల్ వర్ణన యూదుల మీద ఏహ్యంతో నిండి ఉంటుంది, అయినా చివరికి లిలీతో నిక్కచ్చిగా మాట్లాడేవాళ్ళలో అతనొకడు. 'మై ఆంటోనియా'లో అంధుడైన నల్ల పియానో వాద్యకారుడి పేజీలు ఇప్పుడు చదవడం కష్టం. గిల్మన్‌ది అందరికంటే ఘోరం, మేలుజాతి సంతానం అన్న సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మింది. 'హర్‌ల్యాండ్'లోని ఆడవాళ్ళ ఆదర్శ రాజ్యం ఆ నమ్మకం మీదే నిలబడింది. పాఠం చెప్పేవాళ్ళు ఆ పేజీలు దాటేయకుండా, పక్కన లార్సెన్‌నో జెస్సీ ఫాసెట్‌నో పెట్టి చదివించడం మంచిది. ఫాసెట్ 1919 నుంచి 1926 దాకా 'ది క్రైసిస్' పత్రిక సాహిత్య సంపాదకురాలు, 'ప్లమ్ బన్' (1928) ఆమె నవల.

'మదర్ ఇండియా' రాసిన కేథరిన్ మేయో ఈ జాబితాలోకి వస్తుందా?

కాలం ప్రకారం వస్తుంది, భారతీయ సమాజాన్ని దుయ్యబట్టిన 1927 నాటి పుస్తకం అది. గాంధీ దాన్ని మురికి కాలువల ఇన్‌స్పెక్టర్ నివేదిక అన్నాడు. పుస్తకం కంటే దాని చుట్టూ జరిగిన రగడే చదవదగ్గది. అందుకు మృణాళినీ సిన్హా 2006 పుస్తకం ఉంది.

పులిట్జర్ బహుమతి వచ్చినవి చూసి ఎంచుకోవచ్చా?

వద్దు. 1921లో నవలకు ఆ బహుమతి పొందిన తొలి మహిళ వార్టన్, కానీ నిర్ణేతలు సిఫారసు చేసినది సింక్లెయిర్ లూయిస్ 'మెయిన్ స్ట్రీట్'. పై బోర్డు మార్చింది. 1923లో కేథర్‌కు వచ్చినది 'వన్ ఆఫ్ అవర్స్' అనే యుద్ధ నవలకు, ఆమె పుస్తకాల్లో బలహీనమైన వాటిలో అదొకటి. 'మై ఆంటోనియా'కు ఏమీ రాలేదు.

సినిమా చూసి సరిపెట్టుకోవచ్చా?

1993 'ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్', 2021 'పాసింగ్' రెండూ పుస్తకం చదివాక చూడదగ్గవి. కేథర్ సినిమాలు అంతగా ఎందుకు లేవంటే, 1934లో 'ఎ లాస్ట్ లేడీ' సినిమా ఆమెకు ఒళ్ళు మండించింది. ఇకపై తన రచనల్ని తెరకెక్కించొద్దని వీలునామాలో కట్టడి చేసింది.

పాత మొదటి ముద్రణ అని అమ్ముతున్నారు. ఎలా పోల్చుకోవాలి?

'ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్' అయితే పందొమ్మిదో అధ్యాయానికి, పెళ్ళి సన్నివేశానికి వెళ్ళండి. మొదటి విడత ప్రతుల్లో పాదిరి పెళ్ళి మంత్రానికి బదులు శవసంస్కారంలో చదివే మాటలు మొదలుపెడతాడు. వార్టన్ పొరపాటు, తర్వాతి ముద్రణల్లో దిద్దారు. చావు మాటలు ఉంటే తొలి విడత కావడానికి అవకాశం ఉంది, పెళ్ళి మాటలుంటే మొదటి ముద్రణ ధర ఇవ్వొద్దు. ఫొటోలు పంపమన్నప్పుడు అట్టవి కాకుండా ఆ పేజీదీ, టైటిల్ పేజీదీ, దాని వెనక వైపుదీ అడగండి.